‘పెరిగే కాలు కదా, ఒక సైజు పెద్దది ఇవ్వప్పా’

జూన్‌లో బడులు తెరిచే ముందు హిందూపురంలో గానీ ధర్మవరంలో గానీ ఏ చెప్పుల అంగడికి పోయినా ఈ మాట వినబడుతుంది. అడిగేది తల్లి, ఒక్కోసారి తండ్రి, వెంట వస్తే జేజి కూడా. వాళ్లను తప్పుపట్టలేం. ఏడాదికి ఒక్క జత కొనగలిగే ఇంట్లో ఆ జత ఏడాది పొడుగునా రావాలి. అయినా సరే, ఆడుకునే పిల్లల కాళ్ల గురించి మన ఊళ్లలో ప్రేమగా చెప్పే సలహాల్లో ఎక్కువ చెరుపు చేసేది ఇదే. దీనికి తోబుట్టువులు చాలా ఉన్నాయి. నొప్పి అంటే నాటకమనడం, వేడి ఇటుక మీద తొక్కించడం, ఎక్స్‌రే చూసి ఎముక పెరిగిందని భయపెట్టడం, చివరికి ఆటే మానిపించేయడం. ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిదికీ పద్నాలుగుకీ మధ్య వయసు పిల్లలు ఇంట్లో ఉండి, వాళ్లు ఖోఖోనో కబడ్డీనో క్రికెట్టో ఆడుతుంటే ఇది మీకోసమే.

ముందు మడమ ఎలా ఉంటుందో తెలియాలి. పెద్దవాళ్ల మడమ ఎముక ఒకటే ముక్క. పిల్లలది కాదు. ఆరేడేళ్ల ప్రాంతంలో మడమ వెనక భాగంలో ఇంకో చిన్న ఎముక ముక్క తయారవడం మొదలవుతుంది. పద్నాలుగు, పదిహేనేళ్లకు అది అసలు ఎముకతో కలిసిపోతుంది. అప్పటిదాకా ఆ రెండింటి మధ్య ఉండేది మృదులాస్థి, అంటే ఇంకా గట్టిపడని ఎముక. పిక్క కండ కిందికి దిగి, లావుపాటి స్నాయువుగా మారి, ఆ చిన్న ముక్కనే పట్టుకుంటుంది. పరుగెత్తినా దూకినా పిక్క దాన్ని పైకి లాగుతుంది, నేల కింది నుంచి కొడుతుంది. పిల్లలు ఒక్కసారిగా ఎత్తు పెరిగే ఏడాదిలో ఎముక ముందు సాగుతుంది, కండ వెనకబడుతుంది. పిక్క మగ్గం మీద పడుగులా బిగుసుకుంటుంది. మడమ వెనక నొప్పి సరిగ్గా అప్పుడే వస్తుంది. 1912లో బోస్టన్ నగరంలోని జేమ్స్ సీవర్ అనే ఎముకల డాక్టర్ దీన్ని వివరంగా రాశాడు. అందుకే డాక్టర్లు దీన్ని సీవర్స్ డిసీజ్ అంటారు. డిసీజ్ అన్న మాట విని హడలిపోవద్దు. ఇది ఎముక కుళ్లిపోయే జబ్బు కాదు, కుంటితనం మిగల్చదు, ఎముక కలిసిపోయాక మళ్లీ రాదు. ఆటలాడే పిల్లల్లో మడమ నొప్పికి అన్నిటికన్నా మామూలు కారణం ఇదే. మిగతా సలహాలన్నీ ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లే దారి తప్పుతున్నాయి. పిల్లల మడమ అంటే చిన్న సైజులో ఉన్న పెద్దవాళ్ల మడమ కాదు. అది ఇంకా తయారవుతున్నది.

ఇప్పుడు ఆ పెద్ద సైజు బూటు సంగతి. వదులు బూటులో పాదం ముందుకూ వెనక్కూ జారుతుంది. జారకుండా పిల్లలు వేళ్లతో అడుగును పట్టుకుంటారు, పిక్క బిగపడతారు. అంటే ముందే బిగిసి ఉన్న పిక్కకు అడుగడుగునా అదనపు పని. మడమ బూటు వెనక గోడకు ఆనకుండా పైకీ కిందికీ ఆడుతుంటే రాపిడితో తోలు ఊడుతుంది, దెబ్బ నేరుగా మడమ కిందికి దిగుతుంది. ముందు దూది కుక్కితే బూటు బిగువైనట్టు అనిపిస్తుంది గానీ, బూటు వంగే చోటు, వేళ్ల దగ్గర కాలు వంగే చోటు ఒకదానికొకటి కలవవు. దూది ఆ తేడాను సరిచెయ్యలేదు.

లెక్క కూడా చూడండి. మన దగ్గర దొరికే బూట్లలో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. సరిగ్గా సరిపోయే బూటులోనే పొడుగైన వేలి ముందు దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పెరిగే కాలికి కావలసిన జాగా అందులోనే ఉంది. దాని మీద ఇంకో సైజు పెంచితే ఖాళీ రెండు సెంటీమీటర్లకు దగ్గరవుతుంది. ఆ బూటుతో నడవొచ్చు, పరుగెత్తకూడదు.

అంగట్లో మనం కొలిచే పద్ధతి కూడా మార్చుకోవాలి. బిడ్డను కూర్చోబెట్టి, బూటు తొడిగి, ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి ‘వేలు తగులుతుందా?’ అని అడుగుతాం. నొక్కగానే పిల్లలు లోపల వేళ్లు ముడుచుకుంటారు. కొత్త బూట్లు చేజారిపోతాయన్న భయంతో, ఇరుగ్గా ఉన్నా సరిపోయిందని తలూపుతారు. దీనికి తేలికైన దారి ఒకటుంది. బూటు లోపలి అట్టను, అంటే ఇన్‌సోల్‌ను, బయటికి లాగి నేల మీద పరవండి. బిడ్డను దాని మీద రెండు కాళ్ల మీద బరువు వేసి నిలబడమనండి. మడమ అట్ట వెనక అంచుకు ఆనించి చూస్తే ముందు ఎంత ఖాళీ ఉందో, పక్కలకు పాదం అట్ట దాటి పొర్లుతోందో మీ కంటికే కనబడుతుంది. రెండు కాళ్లూ కొలవండి, చాలామందికి ఒకటి పెద్దగా ఉంటుంది, పెద్దదానికే కొనండి. సాయంత్రం పూట వెళ్లండి, పొద్దంతా నడిచిన పాదం కాస్త ఉబ్బుతుంది. ఆటలో వేసుకునే సాక్సులే వేసుకొని చూడాలి. ఇంటికి వచ్చాక మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ అట్ట తీసి చూడండి.

పొడవు సరిపోయినా వెడల్పు సరిపోకపోవడం మన దగ్గర మామూలే. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు, 2022 మార్చి మధ్య దేశంలోని 79 చోట్ల 1,01,880 మంది పాదాలను కొలిచింది. ఇంగ్లండ్, యూరప్, అమెరికా కొలతలతో చేసిన బూట్లు మనకు ఇరుకని, మన పాదాలు వెడల్పని తేలింది. అందుకే భారత్ అన్న మాటలోని మొదటి అక్షరంతో ‘భ’ అనే సొంత కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. అందులో నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఒకటి, ఏడు నుంచి పదకొండేళ్ల వాళ్లకు ఒకటి, ఆ తర్వాత ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరుగా వర్గాలు పెట్టారు. ఆ కొలతలతో బూట్లు మన బజారు నిండా వచ్చేదాకా, వెడల్పు కోసం పెద్ద సైజు కొనే అలవాటు మానుకొని, ముందు భాగం వెడల్పుగా ఉన్న రకాన్ని అడగండి. బూటు సరిపోకపోవడం ఎంత పెద్ద విషయమో స్వప్నా బర్మన్‌ను చూస్తే తెలుస్తుంది. ఆమెకు ఒక్కో పాదానికి ఆరు వేళ్లు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ బంగారు పతకం గెలిచేనాటికి కూడా మామూలు బూట్లలో వేళ్లు కుక్కుకొని నొప్పి భరిస్తూ ఆడింది. ఆమె కాళ్లకు తగ్గ బూట్లు చేయించే ఏర్పాటు ఆ పతకం తర్వాతే జరిగింది. మన పిల్లలకు ఐదు వేళ్లే ఉన్నా, వాళ్ల అవస్థ పతకం వచ్చేదాకా ఆగకూడదు.

ప్రభుత్వ బడి పిల్లల గురించి ఒక మాట. 2020 అక్టోబరు 8న రాష్ట్రంలో మొదలైన విద్యా కానుక పథకంలోనూ, ఇప్పటి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టులోనూ ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు ఉన్నాయి. ఒట్టి కాళ్లతో బడికి వచ్చిన తరాలను చూసినవాళ్లకు ఇది ఎంత మేలో తెలుసు. అయితే కొలత ముందుగా తీసుకుంటారు, బూటు తర్వాత చేతికొస్తుంది, ఆ మధ్యలో కాలు పెరుగుతుంది. సైజు తప్పితే మొహమాటపడకుండా హెడ్‌మాస్టరును అడిగి, పక్క పిల్లలతో అయినా మార్పించుకోండి. ఇంకోటి, ఆ నల్ల బూటు తరగతికి, ప్రార్థనకు, దారికి. గంటసేపు పరుగు ప్రాక్టీసుకు అది చేసింది కాదు.

‘నాటకాలు. నాలుగు రౌండ్లు కొడితే అదే పోతుంది’

పీఈటీ సార్లలో చాలామంది పిల్లల కోసం జీతానికి మించి కష్టపడే మనుషులు. వాళ్లలోనూ కొందరి నోట ఈ మాట వస్తుంది. కారణం ఉంది. మడమ నొప్పి ఉన్న పిల్లాడు క్లాసులో బాగానే ఉంటాడు, గ్రౌండులోకి రాగానే కుంటుతాడు, ఇంటికెళ్లి అన్నం తిన్నాక మళ్లీ వీధిలో ఆడతాడు. చూసేవాళ్లకు వేషంలా అనిపిస్తుంది. నిజానికి ఈ నొప్పి స్వభావమే అది. బరువు పడితే వస్తుంది, విశ్రాంతితో తగ్గుతుంది.

అనుమానం ఉంటే చేత్తో చూడండి. బిడ్డను మంచం మీద బోర్లా పడుకోబెట్టి, మడమను వెనక వైపు నుంచి మీ అరచేతిలోకి తీసుకోండి. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క పెట్టి, రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కండి. అడుగున కాదు, పక్కల నుంచి. సీవర్స్ ఉన్న బిడ్డ చప్పున కాలు లాక్కుంటుంది. వాపు గానీ ఎరుపు గానీ సాధారణంగా కనబడవు. తర్వాత లేపి నడవమనండి. మడమ నేలకు ఆనించకుండా మునివేళ్ల మీద నడుస్తుంటే, అది బడి ఎగ్గొట్టే వేషం కాదు.

‘పెరిగే నొప్పులులే’ అని తోసెయ్యడం కూడా ఇలాంటిదే. పెరిగే నొప్పులని మనం అనేవి సాయంత్రాలూ రాత్రిళ్లూ రెండు కాళ్ల పిక్కల్లో, తొడల్లో, మోకాళ్ల వెనక వస్తాయి. తెల్లారేసరికి బిడ్డ మామూలుగా పరుగెడుతుంది. మడమ ఒక్కచోటే నొప్పి, ఆడితే ఎక్కువవడం, కుంటడం ఉంటే అది వేరే లెక్క.

నొప్పిని అణచుకొని పరుగెత్తితే గట్టిపడతారన్న నమ్మకం పెనుకొండ వైపు కొత్త రూపంలో వచ్చింది. పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకు తయారయ్యే అన్నలు తెల్లవారుజామున 44వ నంబరు జాతీయ రహదారి పక్కన తారు మీద, లేదా కొండ ఎక్కుడులో పరుగెడతారు. వాళ్ల వెంట పదేళ్ల తమ్ముళ్లు. పద్దెనిమిదేళ్ల వాడి మడమ ఎముక కలిసిపోయింది, తమ్ముడిది కలవలేదు. తారు రోడ్డు దెబ్బ పెంచుతుంది, ఎక్కుడు పిక్కను సాగదీసి లాగుతుంది. తమ్ముళ్లను మట్టి మీద, చదును మీద, తక్కువ దూరం పరుగెత్తనివ్వండి.

‘ఇటుక కాల్చి, జిల్లేడాకు వేసి తొక్కించు’

ఈ వైద్యం రాయలసీమ ఇళ్లన్నిటికీ తెలుసు. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లాడించే నాయనకూ, ఫ్యాక్టరీ షిఫ్టులో ఎనిమిది గంటలు నిలబడే అక్కకూ గుదికాలు నొప్పి వస్తే కాపడం పెడతారు, కాస్త సుఖంగా అనిపిస్తుంది. వాళ్ల నొప్పి వేరు. నడివయసులో వచ్చే మడమ నొప్పి ఎక్కువగా అరికాలి కింద, మడమ ముందు భాగంలో ఉంటుంది. పొద్దున లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు ప్రాణం పోయినంత పని అవుతుంది, నడిచేకొద్దీ సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ తిరగబెడుతుంది. అరికాలి పట్టీ మడమకు అంటుకునే చోట రోజూ పడే ఒత్తిడి దానికి కారణం. మంచం దిగకముందే వేళ్లను చేత్తో పైకి లాగి అరికాలు సాగదీయడం, చల్లటి నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించడం, ఇంట్లో గచ్చు మీద కూడా మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు వేసుకోవడం, పిక్క సాగదీయడం, బరువు తగ్గడం, ఇవన్నీ నెలల తరబడి పట్టు వదలకుండా చేస్తే చాలామందికి ఏడాది లోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

పిల్లల నొప్పి ఇది కాదు. వాళ్ల మడమ వెనక అంచున ఉండేది ఇంకా పెరుగుతున్న చోటు. కాల్చిన ఇటుక ఎంత వేడిగా ఉందో బిడ్డ చెప్పేలోపే అరికాలు బొబ్బలెక్కుతుంది. జిల్లేడు పాలు చర్మాన్ని పుండు చేస్తాయి, ఆ చేత్తో కన్ను నలిపితే చూపుకే ముప్పు. గట్టిగా నూనె మర్దన చేసి మడమను పిసకడం కూడా వద్దు, నొప్పి ఉన్న చోటనే నలిపినట్టవుతుంది. ఆటయ్యాక చల్లటి కాపడం మంచిది. ఐసు ముక్కలను తువ్వాల్లో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టండి. ఐసును నేరుగా చర్మానికి ఆనించొద్దు.

పుత్తూరు కట్టు కట్టించుకొని రమ్మనే పెద్దలు ఉంటారు. విరిగిన ఎముకకు కట్టు కట్టే పద్ధతి అది. ఇక్కడ విరిగింది ఏమీ లేదు. వారాల తరబడి కదలకుండా కట్టేస్తే పిక్క ఇంకా కుంచించుకుపోయి, కట్టు విప్పాక లాగుడు పెరుగుతుంది.

క్యాల్షియం మాత్రలు మింగించడం ఇంకో అలవాటు. రోజూ సంగటి తినే బిడ్డకు, వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉన్నప్పుడు, మడమ నొప్పికని వేరే మాత్ర అక్కర్లేదు. లోపం ఉందని డాక్టర్ పరీక్ష చేసి చెబితే అది వేరే మాట.

‘ఎక్స్‌రే తీయించు, ఎముక పెరిగి ఉంటుంది’

ఈ వయసులో మడమ ఎక్స్‌రే తీస్తే వెనక ముక్క తెల్లగా, ఒక్కోసారి రెండు మూడు ముక్కలుగా చీలినట్టు కనబడుతుంది. నొప్పి లేని పిల్లలకు తీసినా అలాగే కనబడుతుంది. అది ఆ వయసు మడమ తీరు. కానీ ఆ ఫిల్ము చూసి ‘మడమ విరిగింది’ అని ఒకరు, ‘ఎముక పెరిగింది’ అని ఇంకొకరు అంటే తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. పెద్దవాళ్ల మడమ కింద కనబడే ముల్లులాంటి ఎముక కూడా చాలామందిలో నొప్పే లేకుండా ఉంటుంది. అనుభవం ఉన్న ఎముకల డాక్టర్ సీవర్స్‌ను మాటలతో, చేత్తో పట్టుకుంటాడు. వేరే అనుమానం ఉంటేనే ఎక్స్‌రే అడుగుతాడు.

సూది విషయంలో మొహమాటం అసలు వద్దు. తొందరగా తగ్గాలని మడమలోకి స్టెరాయిడ్ సూది వెయ్యడం ఈ జబ్బుకు వైద్యం కాదు. పెరిగే చోటుకూ, స్నాయువుకూ అది చేటు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు రోజుల తరబడి వెయ్యడం, వేసి ఆడించడం ఇంకా తప్పు. నొప్పి అణిగి, మడమ మీద పడకూడని బరువు పడుతుంది. మాత్ర కావాలా, ఎంత మోతాదు అన్నది బిడ్డ బరువు చూసి డాక్టరే చెప్పాలి.

అయితే కొన్నింటికి ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఆడకపోయినా నొప్పి ఉండటం, రాత్రి నొప్పితో నిద్ర లేవడం, జ్వరం, మడమ ఎర్రబడి వాచి వేడిగా ఉండటం, కాలు నేల మీద మోపలేకపోవడం, పైనుంచి దూకాక ఒక్కసారిగా మొదలైన నొప్పి, పొద్దున అరగంటకు పైగా కీళ్లు బిగుసుకుపోవడం, ఇంకా వేరే కీళ్లు కూడా వాచడం. వీటిలో ఏది ఉన్నా హిందూపురం జిల్లా ఆసుపత్రికో, ధర్మవరం ఏరియా ఆసుపత్రికో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికో, దగ్గరున్న ఎముకల డాక్టర్ దగ్గరికో వెంటనే వెళ్లండి. మన నేల మీద ఇంకొక అపాయం ఉంది. గ్రౌండు గట్ల మీద అంతా సీమతుమ్మ కంప. ఆ ముల్లు రబ్బరు అడుగును దాటి మడమలో దిగి, కొన విరిగి లోపలే ఉండిపోతుంది. వారం తర్వాత చీము పడితే ఆటనొప్పి అనుకుంటారు. మేకు గానీ ముల్లు గానీ బూటు అడుగు గుండా దిగినప్పుడు ఎముక దాకా చీము పట్టే ప్రమాదం ఉంది. గుచ్చుకుందని బిడ్డ చెప్పిన రోజునే చూపించండి, ధనుర్వాతం టీకా సంగతీ అడగండి.

‘మంచి కంపెనీది, మెత్తగా ఉన్నది కొను’

బెంగళూరు నుంచి వచ్చే బంధువులు తెచ్చే బూట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అడుగు మెత్తటి దూదిపరుపు, వెనక గుడ్డ, పిండితే నలిగిపోతుంది. నొప్పి ఉన్న మడమకు కావలసింది ఇది కాదు. బూటు వెనక గోడను బొటనవేలు, చూపుడువేలితో నొక్కండి, అది లొంగకూడదు. బూటును రెండు చేతులతో తడిగుడ్డ పిండినట్టు తిప్పండి, మధ్యలో సులువుగా మెలిపడకూడదు. ముందు భాగం పట్టి వంచితే వేళ్ల దగ్గరే వంగాలి, నడుమ వంగకూడదు. మడమ కింద ముందు భాగం కన్నా ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఎత్తు ఉంటే పిక్క లాగుడు తగ్గుతుంది. తాడు కట్టుకునేదో, పట్టీ బిగించేదో కావాలి. ఈ ఐదు గుణాలు ఉంటే బూటు మీద ఏ గుర్తు ఉన్నా ఒకటే.

అన్న వాడి వదిలేసిన జత వద్దనే చెబుతాను, పేదరికం తెలిసీ చెబుతాను. దాని అడుగు అన్న నడకకు అరిగి ఉంటుంది. జతను బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, మడమ ఒక పక్కకు ఒరిగి ఉంటే దాన్ని ఆటకు ఇవ్వకండి, దారికి వాడుకోనివ్వండి.

స్టడ్స్, స్పైకుల గురించి కోచ్‌లు కూడా ఆలోచించాలి. అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచులు జరిగాయి. పెద్ద ఆటగాళ్లను దగ్గరగా చూసిన పిల్లలకు వాళ్ల కాళ్లకున్నవే కావాలనిపించడం సహజం. కానీ ఆ బూట్లు మెత్తటి పచ్చిక కోసం. హిందూపురం, పెనుకొండ గ్రౌండ్లలో నేల ఎర్రమట్టి, గరుసు, వాన పడని నెలల్లో సిమెంటంత గట్టి. ఆ నేలలో స్టడ్ దిగదు. దెబ్బంతా రెండు మూడు బొడిపెల గుండా మడమకు ఎక్కుతుంది. పైగా ఫుట్‌బాల్ బూటుకు మడమ దగ్గర ఎత్తు తక్కువ, అడుగు పలచన. గట్టి నేల మీద ప్రాక్టీసు మామూలు రన్నింగ్ షూతో చేయించండి, స్టడ్స్ పచ్చిక మీద మ్యాచ్ ఉన్న రోజుకే దాచండి.

ఒట్టి కాళ్లతో ఆడితే గట్టిపడతారనే వాదన నిరాధారం కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా ఒట్టి కాళ్లతో గెలిచాడు. అయితే నాలుగేళ్ల తర్వాత టోక్యోలో అదే మారథాన్‌ను అతను బూట్లు వేసుకొని గెలిచాడు. కబడ్డీ, ఖోఖో మన పిల్లలు ఒట్టి కాళ్లతోనే ఆడతారు, మెత్తటి మట్టి మీద, మ్యాటు మీద ఆడనివ్వండి, పాదం కండలకు మంచిదే. మడమ నొప్పి ఉన్న వారాల్లో మాత్రం గట్టి నేల మీద, ఇంట్లో బండల మీద కూడా ఒట్టి కాళ్లతో వద్దు. సిలికాన్ మడమ కప్పు దొరికితే రెండు బూట్లలోనూ పెట్టండి. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండింటిలోనూ పెట్టాలి, లేకపోతే నడుము ఒరుగుతుంది.

‘ఆటలు మానిపించు, చదువైనా దక్కుతుంది’

అన్ని సలహాల్లోకీ నాకు కడుపు మండేది ఇదే. చెన్నై తోలు పరిశోధన సంస్థ లెక్క ప్రకారం ఆడపిల్లల పాదం పెరుగుదల 11 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలది 15, 16 ఏళ్ల ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది. సీవర్స్ కూడా ఆడపిల్లలకు ముందుగానే వస్తుంది. ఇళ్లలో ‘పిల్ల ఎదుగుతోంది, ఇంకేం ఆటలు’ అన్న మాట మొదలయ్యే వయసూ అదే. అప్పుడు మడమ నొప్పి సాకుగా దొరుకుతుంది. ‘తగ్గాక చూద్దాం’ అంటారు. రెండు నెలల్లో నొప్పి తగ్గుతుంది, పిల్ల మాత్రం గ్రౌండుకు తిరిగి రాదు. అబ్బాయికి ఇదే నొప్పి వస్తే పక్క వీధి ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్తారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం జిల్లాలో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనంతపురంలో స్పోర్ట్స్ విలేజ్ కట్టి, పల్లె ఆడపిల్లల చేతికి హాకీ కర్ర, క్రికెట్ బ్యాటు ఇచ్చింది. అంతదూరం వచ్చిన పిల్లను ఒక్క సెంటీమీటరు మృదులాస్థి పేరు చెప్పి ఇంట్లో కూర్చోబెట్టకండి.

ఆట ఆపక్కర్లేదు, కొలత తగ్గించాలి. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఓర్వలేనంత అని చెప్పి, ఆడేటప్పుడు ఎంతో బిడ్డనే అడగండి. మూడు లోపు ఉండి, కుంటకుండా ఉండి, మర్నాటి పొద్దుటికి సర్దుకుంటే ఆ మోతాదు ఆట ఆడొచ్చు. దాటితే రెండు మూడు రోజులు ఆపి, సగానికి తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. ముందు తగ్గించాల్సింది దూకుళ్లు, స్కిప్పింగ్, వేగం పరుగు, తారు రోడ్డు. సైకిలు, ఈత, కూర్చొని చేసే చేతుల కసరత్తు, బంతి విసరడం, పట్టడం ఆపక్కర్లేదు. నొప్పి నెమ్మదించాక రోజూ రెండు పూటలా గోడకు చేతులానించి, ఒక కాలు వెనక పెట్టి, మడమ నేలకు అంటి ఉండగా మోకాలు నిటారుగా ఉంచి ముందుకు ఒరగమనండి. పిక్కలో లాగినట్టు ఉండాలి, మడమలో నొప్పి రాకూడదు. అరనిమిషం చొప్పున మూడుసార్లు, రెండు కాళ్లకూ.

క్యాలెండరు కూడా మనమే సరిచేసుకోవాలి. మే అంతా ఎండకు నీడపట్టున కూర్చున్న కాళ్లను జూన్ రెండో వారంలో కొత్త బూట్లలో దించి, మండల స్థాయి పోటీలు దగ్గరపడ్డాయని ఒక్కసారిగా రోజుకు రెండు పూటలా పరుగెత్తిస్తున్నాం. సెలవుల్లోనే వారానికి మూడు రోజులు సాయంత్రం చల్లబడ్డాక కాసేపు ఆడనిచ్చి, జూన్‌లో వారం వారం కొంచెం కొంచెంగా పెంచితే చాలా మడమలు నొప్పి దాకా వెళ్లవు. బడి జట్టు, అకాడమీ, ఆదివారం గల్లీ క్రికెట్, మూడూ కలిపి లెక్కపెట్టండి, ఒక కోచ్‌కు ఇంకో కోచ్ చేయించింది తెలియదు. వారంలో కనీసం ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఉండాలి.

నొప్పి కొన్ని వారాల్లో తగ్గొచ్చు, రెండు మూడు నెలలు పట్టొచ్చు, మళ్లీ ఎత్తు పెరిగే దఫాలో తిరిగి రావొచ్చు. వస్తే ఇదే పద్ధతి మళ్లీ మొదలుపెట్టండి. ఆరు వారాలు ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే డాక్టర్‌కు చూపించండి. సెలక్షన్ రోజు పొద్దున కుంటుతూ లేస్తే, బిడ్డ ఎంత బతిమాలినా పేరు ఎక్స్‌ట్రాల్లో రాయించండి. పన్నెండేళ్ల బిడ్డకు అండర్-14 జట్టు వచ్చే ఏడాది కూడా ఉంటుంది.